అవిన్యోన్‌లో కోటగోడ లోపల దిగాలా, బయటా?

లియాన్_కోడలు: జూన్‌లో అత్తయ్య, మామయ్యలతో మూడు రోజులు దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వెళ్తున్నాం. కోటగోడ లోపల హోటల్ తీసుకోవాలా, బయట వంటగది ఉన్న అపార్ట్‌మెంటా? ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మామయ్యకు మోకాళ్ల నొప్పి.

పాతబస్తీ_రాజు: లోపలే దిగండి. గోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, లోపల ఊరంతా నడిచి చూసేదే. వేగంగా వెళ్లే టీజీవీ రైలు ఊరి బయట ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న రైల్లో ఐదారు నిమిషాలకే సెంటర్ స్టేషన్, దిగితే ఎదురుగా కోటగోడ.

బెజవాడ_వంటిల్లు: బయటే. పెద్దవాళ్లతో వెళ్తే వంటగది ఉండి తీరాలి. మొదటిసారి మేమూ లోపలే దిగాం. మధ్యాహ్నం రెండున్నరకు ఏ హోటల్‌కు వెళ్లినా కుర్చీలు బల్లల మీదకు ఎత్తేస్తున్నారు. మళ్లీ ఏడింటికే అన్నారు. మా నాన్నకు షుగర్, చేతులు వణికిపోయాయి.

పాతబస్తీ_రాజు: ఆ ఊళ్లో భోజనం పన్నెండు నుంచి రెండు లోపు. ముందే కనుక్కుంటే ఆ ఇబ్బంది వచ్చేది కాదు. పొద్దున లే ఆల్ మార్కెట్‌లో పళ్లు, చీజ్, రొట్టె కొనిపెట్టుకోవచ్చు. సోమవారం మాత్రం సెలవు. ఊరి సొంత వంటకం పాప్‌తోన్ ఉంది, మెత్తగా ఉడికించిన వంకాయ. మనవాళ్లకు నచ్చుతుంది.

బెజవాడ_వంటిల్లు: అందులో గుడ్డు వేస్తారండీ! రొట్టెకు రాసుకునే నల్ల ఆలివ్ ముద్ద తాపెనాద్‌లో అంచోవీ చేప ఉంటుంది. గుడ్డు ముట్టరని ఆవిడ పైనే రాశారు, చదవలేదా?

గౌతమి: జూలై కాదు కాబట్టి బతికిపోయారు. 1947లో మొదలైన నాటకోత్సవం అప్పుడే జరుగుతుంది, గదులు దొరకవు.

పాతబస్తీ_రాజు: వంకాయ విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ అంత దూరం వెళ్లి కుక్కర్ పెట్టుకుని పప్పు వండుకోవడం ఏమిటి?

బెజవాడ_వంటిల్లు: కడుపు మాడ్చుకుని కోటలు చూడమంటారా? మా నాన్న పస్తు పడుకున్న రాత్రి మీరు చూశారా? రెండోసారి నది అవతల విల్‌నవ్‌లో వంటగదితో ఇల్లు తీసుకున్నాం. మూడు పూటలా కడుపునిండా తిన్నాడు.

గౌతమి: వంట ఎవరు చేశారండీ?

బెజవాడ_వంటిల్లు: మా అమ్మ. నేనూ సాయం చేశాను.

గౌతమి: ఒకప్పుడు క్యాథలిక్ మతగురువులైన పోప్‌లు ఉన్న ప్యాలెస్ ఆవిడ చూశారా?

బెజవాడ_వంటిల్లు: లేదు. ఆ రోజు వంట ఆలస్యమైంది. అయినా లోపల మెట్లు ఎక్కువ, ఎక్కలేకపోయేది. ఇక్కడ ప్రశ్న అది కాదు.

లియాన్_కోడలు: నా ప్రశ్న అదే. వంటగది ఉంటే వండేది నేను. ఆయన సెలవు పెట్టారు, నేనూ పెట్టాను. ఇంట్లో ఈ మాట అనలేక ఇక్కడ లోపలా బయటా అని అడిగాను.

పాతబస్తీ_రాజు: అందుకే లోపల దిగమన్నాను.

గౌతమి: మీరన్నది అందుకు కాదు.

బెజవాడ_వంటిల్లు: షుగర్ ఉన్న మనిషి ఆకలి చూసినదాన్ని, నేను వంటగది వద్దనలేను. వండేది మీ ఆయనని ముందే చెప్పి తీసుకోండి.

లియాన్_కోడలు: ఈ రాత్రికి అడుగుతాను. ఆయన కాదంటే లే ఆల్ పక్కన గది చూస్తాను. పెరుగు, రొట్టె, పళ్లు అక్కడే దొరుకుతాయి, మామయ్య మోకాళ్లకూ దగ్గర.