లొరెట్టా లిన్ ఎదుగుదలలో భర్త వాటా ఎంత?

మంజీర:

అమెరికాలో కంట్రీ అనే పల్లె బాణీ సంగీతం పాడిన గాయని లొరెట్టా లిన్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది. "మొగుడు గిటార్ కొనివ్వకపోతే ఆవిడ ఎవరికి తెలిసేది?" అని. నాకు ఈ మాట మింగుడుపడదు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ఆమె పాటలు విననివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1932లో కెంటకీ రాష్ట్రంలో కొండల మధ్య బుచర్ హాలో అనే చోట పుట్టింది. తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఈమె రెండోది. 1948 జనవరిలో ఆలివర్ లిన్‌తో పెళ్ళయింది. అందరూ అతన్ని డూలిటిల్ అనో, డూ అనో పిలిచేవాళ్ళు. తర్వాత దేశానికి ఆ చివరన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో కస్టర్ అనే ఊరికి కాపురం మారింది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నలుగురు పిల్లల తల్లి. ఇంట్లో పాడుకుంటుంటే విని, 1953లో డూ 17 డాలర్లు పెట్టి ఒక హార్మనీ గిటార్ కొనిచ్చాడు. 1960లో మొదటి రికార్డు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' అవార్డు గెలిచిన మొదటి మహిళ ఆమే. 2022 అక్టోబరులో 90వ ఏట చనిపోయింది.

ఇదే డూ విపరీతంగా తాగేవాడు, వేరే ఆడవాళ్ళ వెంట తిరిగేవాడు, ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు. ఇవి పుకార్లు కావు, ఆమె స్వయంగా చెప్పినవే. అయినా 1996లో అతను పోయేదాకా, 48 ఏళ్ళు, కలిసే ఉన్నారు. పైగా అతను లేకపోతే తన కెరీర్ లేదని ఆమే చాలాసార్లు చెప్పింది. ఆ మాటను మనం ఉన్నదున్నట్టు తీసుకోవాలా? నేనైతే తీసుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

పాత రికార్డు:

తీసుకోవాలి. ఎవరి జీవితం గురించి వాళ్ళు చెప్పిన మాటకంటే మన ఊహ గొప్పది కాదు కదా.

గిటార్ సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది ఎక్కువమంది పట్టించుకోరు. ఆవిడకు నలుగురిలో నోరు విప్పాలంటే భయం. స్థానికంగా వాయించే బ్యాండు దగ్గరికి తీసుకెళ్ళి, "మా ఆవిడ బాగా పాడుతుంది, వినండి" అని వెంటపడింది డూ. నార్మ్ బర్లీ అనే కలప వ్యాపారి ఆమె పాట విని, రికార్డింగుకు డబ్బు పెట్టాడు. ఆ రికార్డు విడుదల చేసిన జీరో రికార్డ్స్ చాలా చిన్న కంపెనీ. ప్రచారానికి దాని దగ్గర ఏమీ లేదు. మరి ఆ రికార్డు రేడియోలో ఎలా పడింది? భార్యాభర్తలిద్దరూ కార్లో బయల్దేరి ఊరూరా రేడియో స్టేషన్లు తిరిగారు. కార్లోనే నిద్ర, బ్రెడ్డు ముక్కలతో భోజనం. స్టేషన్ లోపలికి వెళ్ళి, డిస్క్ జాకీ చేతిలో రికార్డు పెట్టి, ఒక్కసారి వేయమని అడగడం. అలా ఆ మొదటి పాట, 'హాంకీ టాంక్ గర్ల్', బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల చార్టులో 14వ స్థానం దాకా వెళ్ళింది. పేరు లేని గాయని, పేరు లేని కంపెనీ. ఇంత దూరం రావడం మామూలు సంగతి కాదు.

తాగుబోతు, తిరుగుబోతు, ఒప్పుకుంటాను. కానీ ఆ పని చేసింది కూడా అతనే. రెండోది చెప్పకుండా మొదటిది మాత్రమే చెబితే న్యాయం కాదు.

కొలిమి:

పెళ్ళినాటికి ఆమెకు 13 ఏళ్ళని చాలామంది ఇప్పటికీ రాస్తుంటారు. ఆమె జీవితం మీద వచ్చిన సినిమా వల్ల, ఆమె చెప్పుకున్న వయసు వల్ల అది అలా స్థిరపడిపోయింది. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు కెంటకీ రికార్డులు వెతికి, పుట్టింది 1932లోనే అని తేల్చారు. అంటే పెళ్ళినాటికి 15 దాటి తొమ్మిది నెలలు. అతనికి 21. పదమూడు కాకపోయినా అది పిల్ల వయసే.

ఇక అసలు విషయం. డూ ఆమెను ముందుకు తోశాడంటున్నారు. ఆమెకు ఇష్టమా, కాదా అని అడిగి తోశాడా? నలుగురు చిన్నపిల్లలున్న, స్టేజీ అంటే వణికే అమ్మాయిని "పాడు, డబ్బు వస్తుంది" అని పంపడంలో ప్రేమ ఎంతో, ఇంటికి రాబడి కావాలన్న ఆలోచన ఎంతో విడదీసి చెప్పగలరా? అది ఫలించింది కాబట్టి ఇప్పుడు మనం దాన్ని నమ్మకం అంటున్నాం. ఫలించకపోయి ఉంటే ఏమనేవాళ్ళం?

ఉప్పెన:

కొట్టాడని రాసినవాళ్ళు ఆమె ఊరుకోలేదన్నది కూడా రాయాలి. అతను ఒకటి కొడితే నేను రెండు కొట్టేదాన్ని అని చెప్పుకున్న మనిషి ఆమె.

కొలిమి:

ఉప్పెన గారూ, ఆ మాట నేనూ విన్నాను. అది ఆమె ధైర్యానికి సాక్ష్యం. అతనికి మాఫీ పత్రం కాదు.

మూడో టింబరింగ్ గల్లీ:

గోదావరిఖని నుంచి రాస్తున్నాను. మా నాయిన సింగరేణిలో పనిచేసిండు. ఈ చర్చలో గిటార్ దగ్గర మొదలుపెట్టి మొగుడి దగ్గర ఆగిపోతున్నారు. అంతకుముందు ఆమెకు జీవితమే లేదా?

'కోల్ మైనర్స్ డాటర్' 1970లో వచ్చింది. ఆ పాట ఒక్కటి శ్రద్ధగా వినండి. రాత్రి గనిలో పనిచేసి వచ్చే తండ్రి, దీపం వెలుగులో దేవుడి పుస్తకం చదివే తల్లి, బట్టలు ఉతికీ ఉతికీ పగిలి నెత్తురు కారే ఆ తల్లి వేళ్ళు. ఇందులో డూ ఎక్కడున్నాడు? ఆ ఇంట్లో గోడలకు పాత పత్రికల కాగితాలు అంటించేవాళ్ళట. సినిమా నటి లొరెట్టా యంగ్ పేరే కూతురికి పెట్టుకుంది ఆ తల్లి. బ్యాటరీ రేడియోలో శనివారం రాత్రిపూట గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమం వినేవాళ్ళు. పాటల పిచ్చి అక్కడ పట్టింది. ఆ పాటకు ఆమె ఇంకా చరణాలు రాస్తే, మరీ పొడుగవుతుందని నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కత్తిరించాడు. అంత చెప్పాల్సింది ఉంది ఆమె దగ్గర.

ఆ తండ్రి టెడ్ వెబ్‌కు బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయినాయి. 1959లో చనిపోయిండు. కూతురి మొదటి రికార్డు వచ్చింది 1960లో. గని కార్మికుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ ఒక్క ఏడాది తేడా ఎంత బరువో తెలుసు. క్రెడిట్ పంచేటప్పుడు ఆ తల్లిదండ్రుల వాటా ముందు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో మొగుడి సంగతి చూద్దాం.

మంజీర:

ఇది నాకు తట్టలేదు. చాలా మంచి మాట చెప్పారు.

కంబర్లాండ్ ఒడ్డున:

నేను కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ దగ్గర, టెనెసీలో ఉంటాను. ఇక్కడి సంగీతం మీద ఇష్టంతో కాస్త లోతుగానే చదివాను. గిటార్, కారు ప్రయాణం 1960తో అయిపోయాయి. ఆ తర్వాత నాష్‌విల్‌లో ఆమెను నిలబెట్టినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ పేర్లు ఈ చర్చలో రావాలి.

విల్‌బర్న్ బ్రదర్స్ అనే గాయక సోదరులు ఆమెను తమ కార్యక్రమాల్లో పాడించారు, డెక్కా అనే రికార్డు కంపెనీకి చేర్చారు. డెక్కాలో ఓవెన్ బ్రాడ్లీ ఆమె కెంటకీ యాసను నున్నగా చెక్కకుండా అలాగే ఉంచి రికార్డు చేశాడు. నా దృష్టిలో ఆ నిర్ణయం గిటార్ కంటే తక్కువేమీ కాదు.

అందరికంటే ముందు చెప్పాల్సింది అప్పటికే పేరున్న గాయని ప్యాట్సీ క్లైన్. 1961లో ప్యాట్సీ కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉంది. ఇంకా పెద్దగా పేరు లేని లొరెట్టా ఒక రేడియో కార్యక్రమంలో ప్యాట్సీ పాటే పాడి ఆమెకు అంకితమిచ్చింది. అది విని ప్యాట్సీ తన భర్తను పంపి ఆమెను పిలిపించుకుంది. అక్కణ్ణించి స్టేజీ మీద ఎలా నిలబడాలి, ఏం కట్టుకోవాలి, నాష్‌విల్ మగవాళ్ళతో డబ్బు గురించి ఎలా మాట్లాడాలి, అన్నీ నేర్పింది. తన బట్టలు ఇచ్చింది. కొత్తగా వచ్చిన ఈమె మీద అసూయతో కొందరు గాయనులు ఏకమైతే ప్యాట్సీ ఈమె పక్కన నిలబడిందని లొరెట్టా చెప్పేది. 1963 మార్చిలో ప్యాట్సీ విమాన ప్రమాదంలో పోయింది. మరుసటి ఏడు పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకరికి లొరెట్టా ప్యాట్సీ అని పేరు పెట్టుకుంది. ఆ రెండేళ్ళ స్నేహం లేకుండా లొరెట్టా నాష్‌విల్‌లో నిలదొక్కుకునేదని నేను నమ్మను.

విల్‌బర్న్ సోదరుల మేలులో ఒక ముల్లు కూడా ఉంది. ఆమె పాటల ప్రచురణ హక్కులు వాళ్ళ కంపెనీ చేతిలో ఉండిపోయాయి. 70లలో విడిపోయాక ఆ హక్కుల కోసం ఏళ్ళ తరబడి పోరాడింది, దక్కలేదు. ఆ ఒప్పందాల వల్లే సొంతంగా రాయడం దాదాపు మానేసింది. మొగుడి గిటార్ గురించి ఇంత మాట్లాడతాం, పాటలు ఎవరి సొత్తయ్యాయో అడగం.

పాత రికార్డు:

ప్యాట్సీ గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ ప్యాట్సీ దాకా ఆమెను చేర్చింది ఎవరు? కస్టర్ నుంచి నాష్‌విల్ దాకా స్టీరింగ్ పట్టుకున్నది ఎవరు?

ఇంకో మాట. ఆమె పాటల్లో ఉన్నదంతా డూ నే కదా. 'తాగొచ్చి ప్రేమ అంటూ నా దగ్గరికి రాకు' అనే అర్థంతో వచ్చిన పాట 1967లో ఆమెకు మొదటి నంబర్ వన్. 1968లో వచ్చిన 'ఫిస్ట్ సిటీ', తన భర్త జోలికొచ్చిన ఆడదానికి హెచ్చరిక, అది కూడా నంబర్ వన్. అతను అలా ఉండకపోతే ఆ పాటలు ఎక్కడివి?

కొలిమి:

దీన్ని మాత్రం నేను గట్టిగా ఖండిస్తున్నాను. దెబ్బ తిన్నవాళ్ళు పాట రాస్తే కొట్టినవాడికి అందులో వాటా ఇస్తామా? తాగొచ్చే మొగుళ్ళు ఆ రోజుల్లో కెంటకీలోనూ టెనెసీలోనూ లక్షల ఇళ్ళలో ఉన్నారు. ఆ లక్షల ఇళ్ళలోంచి ఆ పాట రాలేదు. ఒక్క ఇంట్లోంచి వచ్చింది. తేడా మొగుడిలో లేదు, రాసిన మనిషిలో ఉంది. పైగా మీరు చెప్పిన ఆ తాగుడు పాటను ఆమెతో కలిసి రాసింది సొంత చెల్లెలు పెగ్గీ స్యూ.

అన్నీ డూ గురించే అన్నది కూడా నిజం కాదు. 1966 నాటి 'యూ ఏయింట్ ఉమన్ ఎనఫ్' ఎలా పుట్టింది? ప్రదర్శన ముందు ఒక అమ్మాయి వచ్చి, నా మొగుడు ఇంకో ఆవిడతో వచ్చి ముందు కూర్చున్నాడని ఏడ్చింది. ఆ ఇంకో ఆవిడను చూసి లొరెట్టా అన్న మాటే పాటయింది. ఎవరి కష్టమైనా విని దాన్ని రెండు నిమిషాల పాట చేయగల శక్తి అది.

'ది పిల్' సంగతి కూడా చూడండి. అది వేరేవాళ్ళు రాసిన పాట. 1972లోనే రికార్డయితే కంపెనీ మూడేళ్ళు దాచిపెట్టి 1975లో విడుదల చేసింది. గర్భనిరోధక మాత్రల గురించి ఒక పెళ్ళయిన ఆడది సంతోషంగా పాడటం చాలా రేడియో స్టేషన్లకు నచ్చలేదు, వేయడం మానేశాయి. అయినా కంట్రీ చార్టులో 5వ స్థానానికి వెళ్ళింది. ఆరుగురు పిల్లల్ని కన్న మనిషి పాడింది కాబట్టే పల్లెటూరి ఆడవాళ్ళు దాన్ని తమ పాటగా విన్నారు. అప్పుడు ఎదుర్కొన్న తిట్లు, బహిష్కరణలు ఆమె ఒక్కతే ఎదుర్కొంది.

ఉప్పెన:

మంజీర గారు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఆమె మాటను నమ్మాలా అని. 1976లో ఆత్మకథ వచ్చినప్పుడు, 1980లో సినిమా వచ్చినప్పుడు డూ బతికే ఉన్నాడు. సినిమాలో టామీ లీ జోన్స్ వేసిన ఆ పాత్రను చూస్తే కోపం రాదు, ముద్దొస్తాడు. అప్పుడు మొహమాటపడి ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ 2002లో రెండో పుస్తకం రాసేటప్పటికి అతను పోయి ఆరేళ్ళు. భయం లేదు, మొహమాటం లేదు. అందులో తాగుడు తమ కాపురాన్ని మొదటి నుంచి చివరిదాకా పాడుచేసిందని దాచకుండా రాసింది. ఆ పుస్తకంలోనే, ప్రపంచంలో అందరికంటే ప్రత్యేకమైన మనిషిగా తనను అతను చూశాడని, అందుకే వదల్లేకపోయానని కూడా రాసింది. మొదటి మాట నమ్మి రెండోది నమ్మకపోతే ఎలా?

మంజీర:

రెండూ నమ్ముతున్నాను ఉప్పెన గారూ. ఆ రెండో మాట ఆమె ఎందుకు ఉండిపోయిందో చెబుతుంది. ఎవరి కారణంగా గాయని అయిందో చెప్పదు. పదిహేనేళ్ళకే పెళ్ళయి, పుట్టింటికి, తెలిసినవాళ్ళందరికీ దూరంగా వెళ్ళిపోయిన అమ్మాయికి "నువ్వు గొప్పదానివి" అనే మనిషి అతనొక్కడే దొరికాడు. ఆమె అతన్ని ప్రేమించడాన్ని నేను కాదనను, కాదనే హక్కు నాకు లేదు.

నా దృష్టిలో గట్టి ఆధారం 2004 నాటి 'వ్యాన్ లియర్ రోజ్'. ఆమెకు అప్పుడు 72 ఏళ్ళు. డూ లేడు, బ్రాడ్లీ లేడు. మనవడి వయసున్న రాక్ సంగీతకారుడు జాక్ వైట్ నిర్మాత. ఆ ఆల్బమ్‌లో పాటలన్నిట్లో ఆమె రచన ఉంది. రెండు గ్రామీలు వచ్చాయి. తోసేవాళ్ళు లేకుండా, కారు నడిపేవాళ్ళు లేకుండా చేసిన పని అది.

పాత రికార్డు:

అదే ఆల్బమ్‌లో భర్త లేని ఒంటరితనం మీద పాట కూడా ఉంది మంజీర గారూ. అది కూడా లెక్కలోకి రావాలి.

ఆమె ఊళ్ళు తిరుగుతుంటే టెనెసీలో వాళ్ళ కాపురం ఉన్న హరికేన్ మిల్స్‌లో పొలం, పశువులు, పిల్లల్ని చూసుకున్నది కూడా డూ నే. పాటల ప్రయాణాల్లో సగం జీవితం బస్సులోనే గడిపిన మనిషికి వెనక ఒక ఇల్లు నిలబడి ఉండాలి కదా.

కొలిమి:

కస్టర్‌లో డూ అడవి పనికి వెళ్ళినన్నాళ్ళూ ఇల్లు, నలుగురు పిల్లలు ఆమె చేతుల మీదే నడిచారు. డూను కలప కొట్టే కార్మికుణ్ణి చేసింది లొరెట్టా అని ఏ పుస్తకంలోనైనా రాశారా?

పాత రికార్డు:

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గిటార్ దగ్గర, ఆ రేడియో స్టేషన్ల ప్రయాణం దగ్గర మాత్రం నేను కదలను.