జెరూసలేంను యుద్ధం లేకుండా ఎందుకు ఇచ్చేశారు?

క్రూసేడ్ల (జెరూసలేం ప్రాంతం కోసం మధ్యయుగాల్లో క్రైస్తవులు, ముస్లింల మధ్య జరిగిన యుద్ధాలు) గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త వివరించండి.

1187లో ముస్లిం సుల్తాన్ సలాదీన్ క్రైస్తవులతో అంత పోరాడి గెలిచిన జెరూసలేంను, ఆయన తమ్ముడి కొడుకు, ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ 1229లో ఒప్పందం రాసుకుని యూరప్‌లోని పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి ఫ్రెడరిక్ 2 చేతిలో పెట్టేశాడు. పదేళ్ల చిల్లర గడువు. అల్ అక్సా మసీదు ఉన్న ప్రాంగణం మాత్రం ముస్లింలదే. పైగా ఆ ఫ్రెడరిక్‌ను పోప్ అప్పటికే వెలివేశాడు! అందుకే అక్కడి చర్చిలో కిరీటం పెట్టడానికి బిషప్ ఎవరూ ముందుకు రాక, తనే తీసి నెత్తిన పెట్టుకున్నాడట.

అల్ కామిల్‌కు డమాస్కస్‌లోని తమ్ముడితో గొడవ ఉందని, అందుకే ఫ్రెడరిక్‌ను సాయం పిలిచాడని చదివాను. కానీ ఆ తమ్ముడు 1227లోనే చనిపోయాడు కదా? మరి ఆ తర్వాత కూడా మాట మీద నిలబడాల్సిన అవసరం ఏమొచ్చింది? డమాస్కస్‌లో కూర్చున్న ఆ తమ్ముడి కొడుకు మీద పోరుకు చేతులు ఖాళీ చేసుకోవడానికా? లేక జెరూసలేం 1219లోనే గోడలు కూల్చేసిన ఊరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోవచ్చన్న ధీమానా? నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తోంది.

అప్పటి అరబ్బు చరిత్రకారులు దీని గురించి ఏం రాశారో చదివినవాళ్లు ఉంటే చెప్పండి. తెలుగులో పుస్తకం ఉంటే మరీ మంచిది, లేకపోతే తేలిక ఇంగ్లిష్‌లో ఉన్నా ఫర్వాలేదు.