అప్‌డేట్: బ్రిగమ్ యంగ్ జాబు అసలు ప్రతి లేకపోయినా అందులోని మాటలు ఎలా తెలిశాయి?

1857లో యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర వలసదారుల బిడారును ఊచకోత కోసిన ఉదంతం గురించి అడిగాను కదా. ‘వాళ్ల జోలికి వెళ్లవద్దు’ అని సీడర్ సిటీ పెద్ద ఐజక్ హైట్‌కు మోర్మన్ మత నాయకుడు బ్రిగమ్ యంగ్ రాసిన జాబు పోయింది, మరి అందులోని మాటలు మనకెలా తెలిశాయన్నది నా ప్రశ్న.

నకళ్ల పుస్తకం చూడమన్నవారికి కృతజ్ఞతలు. చిక్కు విప్పింది అదే. సిరాతో రాసిన జాబును తడిపిన పలచటి కాగితానికి అదిమి నకలు తీసేవారట. సిరా కాగితం గుండా ఊరుతుంది కాబట్టే స్కాన్‌లో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. నేను కళ్లద్దాలు మార్చాలేమో అనుకున్నాను! సెప్టెంబరు 10 నాటి నకలు అందులో భద్రంగా ఉంది. అయితే ‘ఇండియన్లు (అంటే అక్కడి ఆదివాసులు) తమకు తోచింది చేస్తారు’ అన్న వాక్యమూ ఉంది. దాని మీద వాదన ఇంకా తెగలేదు.

యంగ్ సలహా కోసం హైట్ పంపిన దూత జేమ్స్ హాస్లమ్ సెప్టెంబరు 7న సీడర్ సిటీలో గుర్రమెక్కి, సుమారు 250 మైళ్లు దౌడు తీసి 10న యంగ్ ఉండే సాల్ట్ లేక్ చేరాడు. జవాబుతో 13న తిరిగొచ్చాడు. ఊచకోత 11నే జరిగిపోయింది.

‘టెలిగ్రాఫ్ ఎందుకు వాడలేదు’ అన్న సందేహం మాత్రం పనికిరాలేదు. ఆ తీగ సాల్ట్ లేక్‌కు చేరిందే 1861లో.