జర్నలిజాన్నీ పౌర సంబంధాలనూ ఒకే కోర్సులో బోధించవచ్చునా?

పరకాల పాత విలేకరి:

మా అమ్మాయి హనుమకొండలో డిగ్రీ పూర్తి చేసి, జర్నలిజం పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నది. మొన్న ఆమె తెచ్చిన సిలబస్ చూశాను. వార్తా రచన, ఎడిటింగ్, మీడియా చట్టాలు, రేడియో, టీవీ, వాటి పక్కనే ప్రకటనలు, పౌర సంబంధాలు (పబ్లిక్ రిలేషన్స్). చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు ఇలాగే ఉంటుందని నాకూ తెలుసు. అయినా పంతొమ్మిదేళ్లు మండల విలేకరిగా తిరిగిన నాకు వార్తా రచన, పౌర సంబంధాలు ఒకే జాబితాలో కనిపించడం మింగుడు పడలేదు. ఊరి తరఫున ప్రశ్న అడగడం ఒక పని, ఒక సంస్థ తరఫున జవాబు చెప్పడం ఇంకొక పని. ఈ రెండింటినీ ఒకే పిల్లకు, ఒకే తరగతి గదిలో నేర్పి, ఒకే మెమో మీద మార్కులు వేసి పంపడం సబబేనా అని ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను.

నా అభ్యంతరం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మాకు జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తలను కొలిచి నెలాఖరుకు లైన్ అకౌంట్ ఇచ్చేవారు, అది బండి పెట్రోలుకే చాలేది కాదు. ప్రకటనల మీద వచ్చే కమీషనే ఆధారం. ఆగస్టు 15కు ఇంత, దసరాకు ఇంత అని టార్గెట్ వచ్చేది. ఒక దసరాకు మా పక్క ఊరి సర్పంచ్ పావు పేజీ శుభాకాంక్షలు ఇచ్చాడు. నెల తిరగకముందే ఆ ఊరి రైతులు నన్ను చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, పూడిక తీయకుండానే తీసినట్టు రాసుకున్నారని చూపించారు. టేపు పట్టి కొలిచాం. ఎంబీలో, అంటే పని కొలతల పుస్తకంలో, రాసిన లోతుకూ మా కాళ్ల కింద ఉన్న లోతుకూ పొంతన లేదు. ఆ సాయంత్రం సర్పంచ్ మా ఇంటికి వచ్చాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. చాయ్ తాగి, "అన్నా, ఉగాదికి అర పేజీ ఇద్దామనుకుంటున్న" అని మాత్రం చెప్పి వెళ్లాడు. నేను వార్త ఆపలేదు, పంపాను. కానీ అందులో సర్పంచ్ పేరు లేదు, కాంట్రాక్టరు పేరు లేదు, "అధికారుల పర్యవేక్షణ లోపం" అన్న మాట మాత్రమే ఉంది. ఒక్క అబద్ధమూ లేని ఆ వార్త ఎవరిని కాపాడిందో నాతో కట్ట మీద నిలబడ్డ రైతులకు తెలుసు, ఆ తరువాత వారు నన్ను పిలవలేదు.

పొట్టకూటి కోసం మేము చేసిన ఆ కలగలుపును కాలేజీ కూడా పాఠంగా చెబితే, ఈ రెండూ వేర్వేరని పిల్లలకు చెప్పే చోటు ఇంకెక్కడ మిగులుతుంది? రెండూ వేరు వేరు కోర్సులుగానే ఉండాలని నా అభిప్రాయం.

హనుమకొండ, పౌర సంబంధాల ఉద్యోగి:

విలేకరి గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. ఆ చెరువు కట్ట దగ్గర జరిగిన తప్పు మా వృత్తిది కాదు. వార్తనూ ప్రకటననూ మీ పొట్టనూ కలిపి ఒకే మనిషి మెడకు కట్టిన పద్ధతిది ఆ తప్పు. పౌర సంబంధాలు అంటే వార్తను కొనడమని అనుకునేవారు ఎక్కువ కనుక వివరంగా రాస్తున్నాను.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది వచ్చే రోజుల్లో, ఏ దారి గుండా వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుంది, జంపన్నవాగులో ఏ వైపు స్నానానికి దిగవచ్చు, తప్పిపోయిన పిల్లలను ఎక్కడ అప్పగిస్తారు అన్నవి గంటగంటకూ ఎవరో ఒకరు సరిగ్గా రాసి పంపాలి. 2023 జూలై 27న మోరంచవాగు ఊరి మీదికి వచ్చి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులు ఎక్కిన రోజును మన జిల్లాల వాళ్లు ఎవరూ మరచిపోరు. అటువంటి వేళ ఏ వంతెన మీద రాకపోకలు ఆగాయో, పునరావాస కేంద్రం ఎక్కడుందో చెప్పే నాలుగు వాక్యాల్లో ఒక ఊరి పేరు తప్పు పడితే జనం నీళ్లున్న దారిలోకే నడుస్తారు. అలాంటి నోట్ రాయడానికి విలేకరికి ఉండే శ్రద్ధే కావాలి. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమ వివరాలు వెల్లడించాలి. ఆ బాధ్యతను నెరవేర్చగల మనుషులను తయారు చేయవలసింది కూడా ఈ కోర్సే.

అమెరికాలో ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకరైన ఐవీ లీ, 1906లో బొగ్గు గనుల సమ్మె సమయంలో యజమానుల తరఫున పనిచేస్తూ పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తమ పని బహిరంగంగానే జరుగుతుందని, తాము ఇచ్చిన ఏ వివరాన్నైనా ఎడిటర్లు సరిచూసుకోవడానికి సహకరిస్తామని దాని సారాంశం. భూపాలపల్లి, రామగుండం గనుల నడుమ బతికే మనకు ఆ సందర్భం పరాయిదేమీ కాదు. వార్త ఎలా పుడుతుందో తెలియనివారు ఆ మాట నిలబెట్టుకోలేరు కనుక రెండూ కలిపి చదవడమే మేలు.

డెస్కులో ఇరవై రెండేళ్లు:

ఉద్యోగి గారు ఐవీ లీ కథను సగం దగ్గరే ఆపారు. అదే లీ, 1914లో కొలరాడోలోని లడ్‌లో దగ్గర సమ్మె కార్మికుల గుడారాల మీద దాడి జరిగి ఆడవాళ్లు, పిల్లలు సైతం చనిపోయిన తరువాత, అక్కడి బొగ్గు గనుల్లో ప్రధాన వాటాదారులైన రాక్‌ఫెల్లర్ల తరఫున బులెటిన్లు వేసి పంచాడు. వాటిలో యూనియన్ నాయకుల జీతాలను ఉన్నవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చేసి చూపించారు. ఎనిమిదేళ్ల కిందట సరిచూసుకోమని పత్రికలను పిలిచిన మనిషి తానే సరిచూసుకోలేదు. తరగతిలో ఈ రెండు తేదీలనూ కలిపి చెప్పాలి.

ఇంతవరకు విలేకరి గారి పక్షాన ఉన్నట్టు అనిపించవచ్చు, కానీ నేను కోర్సు విడదీయాలన్న వాదనతో ఏకీభవించను. కారణం వార్తలు దిద్దే డెస్కులో నేను చూసిన కాపీలే. జిల్లా పేజీలకు వచ్చే కాపీలో పెద్ద భాగం ఎవరో ఒకరు రాసి ఇచ్చిన ప్రెస్ నోటే అయి ఉంటుంది. పార్టీల నోట్, కాలేజీల నోట్, ఆసుపత్రుల నోట్. దాని మీద ఊరి పేరు, తేదీ పెట్టి పంపితే అదే వార్త. మా దగ్గరికి వచ్చిన కొత్త పిల్లల్లో చాలామందికి ఏది నోట్, ఏది వార్త అన్న గుర్తింపే ఉండేది కాదు. నోట్ తయారు చేయడం నేర్చుకున్న పిల్లకు మాత్రం అందులో ఏ వాక్యం ఎందుకు పెట్టారో, ఏ వివరం ఎందుకు వదిలేశారో చూడగానే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడుస్తుంటుంది. పొద్దున జెండా పాట అనే వేలం జరుగుతుంది. యార్డులోకి వచ్చిన సరుకులో మేలైన లాటు దగ్గర నిలబడి పాట పాడతారు, ఆ రోజు గరిష్ఠ ధర అక్కడ పడుతుంది. ఆ ధర 16,000 రూపాయలు అనుకుందాం. మధ్యాహ్నానికి విలేకరి ఫోనుకు వచ్చే సందేశం, "ఎనుమాములలో క్వింటాలు తేజ మిర్చి 16,000". మరునాడు అదే శీర్షిక అవుతుంది. ఆ ధర ఎన్ని బస్తాలకు పడిందో సందేశంలో ఉండదు. యార్డులో నాలుగు వరసలు తిరిగి, రైతుల చేతుల్లోని తక్ పట్టీలు (అమ్మకం చీటీలు) చూస్తే 13,000, 12,500, తాలు కాయకైతే ఇంకా తక్కువ కనిపించవచ్చు. పత్రికలో పదహారు వేలు చదివిన ములుగు రైతు ఆటో మాట్లాడుకుని రాత్రికి రాత్రే బయలుదేరుతాడు. తీరా వచ్చాక తన కాయకు పడిన ధర విని, పత్రిక వాళ్లూ వ్యాపారులతో కలిశారని అనుకుంటాడు. నిజానికి అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, అడగవలసిన ప్రశ్నను అడగవలసినవాళ్లు అడగలేదు. "ఎన్ని బస్తాలకు?" అన్న ఆ ఒక్క ప్రశ్న నేర్పడానికి, ఆ సందేశాన్ని ముందు విద్యార్థి చేతనే రాయించి, తరువాత అదే విద్యార్థిని యార్డుకు పంపించడం కంటే మంచి పద్ధతి నాకు తోచడం లేదు.

ఇనుగుర్తి వాసి:

అసలు కోర్సే ఎందుకని నా ప్రశ్న. మా ఊరి ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి నుంచే "తెనుగు" పత్రిక వెలువరించారు. నిజాం పాలనలో, ఒక పల్లెలో. వారు ఏ జర్నలిజం కళాశాలలో చదివారు? ఉస్మానియాలో ఆ విభాగం వచ్చిందే 1954లో. రాసే తపన, ఊరి మీద ప్రేమ ఉంటే చాలు.

డెస్కులో ఇరవై రెండేళ్లు:

ఇనుగుర్తి మిత్రులకు ఒక్క మాట. ఆ అన్నదమ్ములు బహుభాషావేత్తలు. కాలేజీలో చదవకపోయినా వారు చేసిన చదువు మన రెండేళ్ల పీజీ కంటే ఎంతో పెద్దది. వారిని చూపించి ఇప్పటి పిల్లలకు చదువు వద్దనడం వారికి గౌరవం కాదు.

కాజీపేట విద్యార్థిని:

నేను ఈ కోర్సే చదువుతున్నాను. పెద్దలందరూ కోర్సు ఎలా ఉండాలో చెబుతున్నారు, ఆ తరువాత మేము ఎక్కడ పనిచేస్తామన్నది కూడా చూడమని కోరుతున్నాను. మా సీనియర్లలో పత్రికల్లో చేరినవారు తక్కువ. ఒక అక్క ఆసుపత్రికి సోషల్ మీడియా చూస్తున్నది. ఒక అన్న పార్టీ నాయకుడికి వీడియోలు చేస్తున్నాడు. ఇంకో అన్న యూట్యూబ్ ఛానల్‌లో కెమెరా, ఎడిటింగ్, యాంకరింగ్ మూడూ ఒక్కడే చేస్తాడు, ప్రకటనలూ అతనే తేవాలి. విలేకరి అంకుల్ రాసిన లైన్ అకౌంట్ రోజులు పోలేదు, ఫోనులోకి వచ్చాయంతే. రెండు కోర్సులు వేరైతే, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే నాలాంటివాళ్లు ఒక్కటే ఎంచుకోగలరు. అప్పుడు నాన్న ఉద్యోగం వచ్చేదే చదవమంటాడు, నేను పౌర సంబంధాలలోనే చేరతాను. జర్నలిజం తరగతిలో ఎవరు మిగులుతారో ఆలోచించండి.

మాకు తక్కువైనది ఇంకొకటి ఉంది. సమాచార హక్కు గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాశాం, కానీ ఒక్క దరఖాస్తూ పెట్టలేదు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక సెమిస్టర్‌లో ఇది అందరి చేతా చేయించవచ్చు కదా?

పరకాల పాత విలేకరి:

అమ్మా, నీ మాటతో నా వాదన కొంత మారిందని ఒప్పుకుంటున్నాను. కోర్సు రెండుగా చీలితే పేదింటి పిల్లలు జర్నలిజానికి దూరమవుతారన్న సంగతి నాకు తట్టలేదు. డెస్కు మిత్రుల జెండా పాట ఉదాహరణ కూడా కాదనలేనిది, ఆ శీర్షికలు నేనూ ఎన్నోసార్లు పంపాను.

అయితే ఒకే గదిలో చెప్పినా, వరస ముఖ్యం. మొదటి ఏడాది మొత్తం వార్తే చెప్పండి. రెండో ఏడాదిలో పౌర సంబంధాలు. ప్రశ్న అడిగే అలవాటు ఎముకలో పడిన తరువాతే జవాబు అల్లడం నేర్పాలి. రెండవది, డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన తీరు మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది, అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో నివేదిక చేతికి వచ్చినా కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార హక్కు కింద పోరాడిన తరువాత, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే 2011లో వెలుగులోకి వచ్చింది. పత్రికల గురించిన నిజాన్ని పత్రికల మండలి దగ్గర నుంచి రాబట్టడానికి కూడా దరఖాస్తే కావలసి వచ్చిందన్న ఆ సంగతి మా అమ్మాయి మొదటి నెలలోనే వినాలి. ప్రకటన తెచ్చిన మనిషి అదే ఊరి వార్త రాయకూడదన్న నియమం మా రోజుల్లో ఎవరూ పెట్టలేదు. కనీసం ఇంటర్న్‌షిప్‌లోనైనా, ఏ సంస్థకు నోట్ రాశారో ఆ సంస్థ మీద వార్త రాయకూడదని కాలేజీ నియమం పెట్టవచ్చు.

హనుమకొండ, పౌర సంబంధాల ఉద్యోగి:

లడ్‌లో సంగతి రాసినందుకు డెస్కు మిత్రులకు కృతజ్ఞతలు, నేను దాన్ని వదిలేయకుండా ఉండవలసింది. ఇంటర్న్‌షిప్ నియమానికి నా పూర్తి మద్దతు. వరస విషయంలో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. మొదటి ఏడాది మా పేపర్ లేకపోతే, ఆ ఏడాదంతా పిల్లలు నోట్‌ను వార్త అనుకునే రాస్తారు. రెండూ మొదటి సెమిస్టర్ నుంచే సమాంతరంగా నడవాలి.

నా దగ్గర పాత నోట్లు ఒక ఫైలు ఉన్నాయి. కొన్నింటికి నేను మొదట రాసిన ప్రతి, పైవారు కొట్టివేతలు చేసి పంపిన ప్రతి రెండూ ఉన్నాయి. పేర్లు తీసేసి తరగతికి తెస్తాను. ఏ వాక్యం ఎందుకు పోయిందో పిల్లలు అడిగితే, తెలిసినంత వరకు దాచకుండా చెబుతాను.

కాజీపేట విద్యార్థిని:

మా మేడంను అడిగి రోజు చెబుతాను సార్. విలేకరి అంకుల్ కూడా వచ్చి, ఆ చెరువు వార్తను సర్పంచ్ పేరుతో ఎలా రాసి ఉండేవారో మా ముందు రాసి చూపించగలరా?

పరకాల పాత విలేకరి:

వస్తానమ్మా. ఆ రోజు కొలతలు రాసుకున్న డైరీ ఇంకా ఇంట్లోనే ఉంది, వెంట తెస్తాను.