కథ అని కొడితే కధ అని కనిపిస్తోంది, ఎవరైనా చెప్పండి

బొమ్మలపుస్తకం: పొద్దున్నుంచీ దీంతోనే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. పిల్లల పుస్తకానికి బాలూ తమ్ముడు ఫాంట్ వాడుతున్నాను. అట్ట మీద బొద్దుగా చక్కగా ఉంది. లోపలి పేజీల్లో మాత్రం "కథ" కాస్తా "కధ" అయిపోతోంది. థ పొట్టలో చుక్క మాయం! ఫాంట్ తీసేసి మళ్లీ వేశాను, ఫైలు కొత్తగా చేశాను, అదే తంతు. రేపు ప్రింటుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఫాంట్‌లోనే తప్పుందా?

ఒత్తులరాయుడు: ముందు ఒక మాట. "కధ" తప్పు. కథ, వ్యథ, రథం, వీటన్నిటికీ పొట్టలో చుక్క ఉండాల్సిందే. ఎక్కడ చూసినా కధ అనే రాస్తున్నారు, ప్రాణం ఉసూరుమంటుంది.

బొమ్మలపుస్తకం: అయ్యా, నేను కొట్టింది థ-యే.

నలుపుతెలుపు: సైజెంత?

పాతచ్చు: ఇది ఫాంట్ కాదండీ, ఒకే పోలికున్న అక్షరాల కుటుంబం మొత్తం, అంటే టైప్‌ఫేస్. సీసం అక్షరాల రోజుల్లో ఒకే సైజులో, ఒకే మందంలో పోతపోసిన సెట్టును ఫాంట్ అనేవారు. ఇలాంటి బొద్దు అక్షరాలకు పెద్దన్న కూపర్ బ్లాక్ అనే ఇంగ్లీషు టైప్‌ఫేస్. ఆస్వాల్డ్ కూపర్ గీస్తే 1922లో షికాగోలో అచ్చు అక్షరాలు పోతపోసే కంపెనీ (ఫౌండ్రీ) ఒకటి విడుదల చేసింది. దాని అక్షరాల పాదాలు చూడండి, తిన్నటి అంచు కనబడదు, అన్నీ గుండ్రమే. ప్రకటనల్లో పెద్దగా వేసుకోవడానికి పుట్టింది, పేరాలు చదివించడానికి కాదు.

ఒత్తులరాయుడు: ఫాంట్ అన్నా అందరికీ అర్థమవుతుంది కదా.

పాతచ్చు: కధ అన్నా అర్థమవుతుంది. మరి మీరెందుకు పట్టుబట్టారు?

నలుపుతెలుపు: సైజెంత అని అడిగాను.

బొమ్మలపుస్తకం: లోపల 11 పాయింట్లు. ఇంకాస్త ముదురుగా ఉండాలని బోల్డ్ నొక్కాను. అదీ చెప్పాలా?

నలుపుతెలుపు: అదే అసలు సంగతి. పాత బాలూ తమ్ముడుకి ఒకటే మందం, విడిగా బోల్డ్ లేదు. మీరు నొక్కితే సాఫ్ట్‌వేరే అంచుల్ని ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు లోపలికీ వచ్చి, చుక్క చుట్టూ ఉండే తెలుపు పూడుకుపోతుంది. బోల్డ్ తీసేయండి.

గుండ్రాక్షరి: తీసినా 11 పాయింట్లలో కష్టమే. తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రం కాబట్టి ఈ బొద్దుతనం దానికి భలే నప్పుతుంది. కానీ ద, ధ, థ మూడింటికీ ఒళ్లు ఒకటే, తేడా అంతా అడుగు గీతలోనూ లోపలి చుక్కలోనూ ఉంది. మందం పెరిగితే ముందు పోయేవి అవే. పెద్ద సైజులో ముద్దుగా ఉన్నది చిన్న సైజులో ముద్దవుతుంది. దాని కొత్త రూపం బాలూ తమ్ముడు 2లో 5 మందాలున్నాయి, అన్నిటికంటే సన్నటి రెగ్యులర్ తీసుకోండి. లేదా లోపలికి మండలి అనే ఫాంట్ పెట్టి, బొద్దుది అట్టకీ కథల పేర్లకీ ఉంచండి. వరుసల మధ్య ఎడం కూడా పెంచండి. "స్త్రీ" లాంటి చోట ఒత్తులు కింది వరుస గుడిని తాకుతాయి.

ఒత్తులరాయుడు: అధ్యాయంలో ధ కూడా చూసుకోండి. గీత పోతే అద్యాయం అవుతుంది.

పాతచ్చు: ఆ రెగ్యులర్ ఉంది చూశారూ, దాన్ని ఫాంట్ అనొచ్చు. మొత్తం కుటుంబం టైప్‌ఫేస్.

బొమ్మలపుస్తకం: బోల్డ్ తీస్తే చుక్క వచ్చింది. లోపలికి మండలి పెట్టేశాను. థాంక్సండీ.