అప్‌డేట్: కంచు పోతలో రాని వేళ్లు, కారణం దొరికింది
18 అంగుళాల నా నర్తకి బొమ్మను హైదరాబాద్‌లో కంచుపోత పోయిస్తే వేళ్ల కొసలు, జూకాలు రాలేదని మూడు నెలల క్రితం ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కంచు వేడి చాలలేదని ఎక్కువమంది అన్నారు; నేనూ అదే నమ్మి మేస్త్రీతో అనవసరంగా వాదించాను. వేడి సరిపోయింది, మిశ్రమంలోనూ లోపం లేదు. మరో పోతశాలలో ఒక పెద్దాయన అచ్చు కట్టడానికి చేసిన రెండో మైనపు ప్రతిని చూడగానే చెప్పారు: పైకెత్తిన వేళ్ల దగ్గర గాలి బయటికి పోయే దారే లేదు. అచ్చులో చిక్కిన గాలి కంచును కొసదాకా రానివ్వలేదు. ప్రతి వేలికీ సన్నని మైనపు కడ్డీ అతికించమని ఇక్కడ ఒకరిచ్చిన సలహాయే పనిచేసింది; అచ్చును కాల్చినప్పుడు ఆ మైనం కరిగిపోయి గాలికి దారి మిగులుతుంది. ఈసారి వేళ్లన్నీ వచ్చాయి! ఆ దారుల్లోకి వచ్చి గట్టిపడ్డ కంచు కడ్డీలు కోసి, ఆకురాయితో అరగదీసి, గోళ్లు మళ్లీ చెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. జూకాలు మాత్రం విడిగా పోసి అతికించాం.