అత్యాచార సన్నివేశం ఉన్న సినిమా: యూఏ 16+ కావాలంటే ఏది తీయాలి, ఏది ఉంచాలి?

కొత్త_నిర్మాణం (కృష్ణానగర్):

నమస్కారం అండి. మా సినిమా నిడివి 2 గంటల 5 నిమిషాలు. ఇంకా పిక్చర్ లాక్ (ఎడిటింగ్‌ను ఇక మార్చకుండా ఖాయం చేయడం) చేయలేదు. పల్లెలో జరిగిన ఒక అత్యాచారం, దాని మీద నడిచే కోర్టు కేసు, ఇదీ కథ. ఒక నిజ సంఘటన ఆధారంగా రాసుకున్నది. రఫ్ కట్‌లో ఆ సన్నివేశం 2 నిమిషాల 40 సెకన్లు ఉంది. బాధితురాలి తొమ్మిదేళ్ల చెల్లెలు తలుపు సందులోంచి చూస్తుంది (పాప షాట్లు ఇంకా తీయలేదు). క్లైమాక్స్‌లో వేటకొడవలితో నాలుగు నిమిషాల దాడి. టీవీ హక్కులు కొనే శాటిలైట్ వాళ్లు యూఏ (తల్లిదండ్రుల సూచనతో పిల్లలూ చూడొచ్చనే సెన్సార్ సర్టిఫికెట్) ఉంటేనే మాట్లాడతామంటున్నారు, డైరెక్టర్ గారేమో ఒక్క ఫ్రేమ్ కూడా తీయనంటున్నారు. ఏం తగ్గించాలి? సెన్సార్‌కి వెళ్లాక వాళ్లు చెప్పిందే కట్ చేసుకుంటే సరిపోదా?

ఎడిట్_టేబుల్:

సరిపోదండి. వాళ్లు చెప్పాక కట్ చేస్తే సీను కుంటుతుంది. ఇప్పుడే మీరే చేసుకుంటే సీను మీ చేతిలో ఉంటుంది.

సెన్సార్ బోర్డు పాటించే 1991 మార్గదర్శకాల ప్రకారం స్త్రీల మీద లైంగిక హింస దృశ్యాలు మానుకోవాలి. కథకు తప్పనిసరైతే కనిష్ఠానికి తగ్గించాలి, వివరాలు చూపకూడదు. అందుకే 2:40ని 1:20కి తెచ్చినంత మాత్రాన పని కాదు. బట్టలు చించే క్లోజప్పూ, ఒంటి మీద పాకే కెమెరా అలాగే ఉంటే సెన్సార్ కమిటీకి కనిపించేది అదే సీను.

టైమ్‌లైన్‌లో షాట్లకు మూడు రంగులు వేయండి. దాడి చేసేవాడి చూపు నుంచి తీసినవి ఒక రంగు, ఆమె చూపు నుంచి తీసినవి ఇంకో రంగు, ఎవరి చూపూ కాని గది, తలుపు, పొయ్యి లాంటివి మూడో రంగు. మొదటి రంగువన్నీ తీసేయండి, మొహమాటం వద్దు. గడియ పడే షాట్ దగ్గర బయటికి వచ్చి, మళ్లీ ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లండి. డైరెక్టర్ గారికి కావాల్సిన బరువు ఆ తర్వాతి షాట్‌లో ఉంటుంది. దాన్ని కోయకండి, ఇంకో పది సెకన్లు పెంచినా తప్పు లేదు.

చాలామంది మరిచిపోయేది శబ్దం. బొమ్మ తీసేసి అరుపుల్నీ బట్ట చిరిగే చప్పుడునీ 5.1లో (చుట్టూ స్పీకర్లున్న థియేటర్ సౌండ్‌లో) చుట్టూ తిప్పితే సీను మునుపటి కంటే కర్కశంగా తయారవుతుంది. అరుపు ఒక్కసారి చాలు. ఆ తర్వాత బయట బోరింగు కొట్టే చప్పుడు, దూరంగా ట్రాక్టరు వినిపించనివ్వండి. నేపథ్య సంగీతం అసలు వద్దు.

ఇక కొడవలి. దెబ్బ తగలడానికి 3-4 ఫ్రేముల ముందు కట్ చేసి చూస్తున్నవాడి మొహానికి వెళ్లండి. సెకనుకు 24 ఫ్రేముల్లో అంత చిన్న తేడాకే కత్తి దిగడం కనిపించకుండా పోతుంది, దెబ్బ మాత్రం ప్రేక్షకుడికి తగులుతుంది. ఒకే దెబ్బను మూడు కోణాల్లో చూపించి ఉంటే ఒకటే ఉంచండి. స్లో మోషన్ తీసేయండి. డీఐలో (రంగులు సరిదిద్దే దశలో) రక్తాన్ని ముదురు గోధుమ వైపు తీసుకెళ్తే కొంత మేలు జరుగుతుంది కానీ, తెగిన చెయ్యి కనిపించే షాట్‌ను రంగు కాపాడలేదు.

ఇంకోటి. డైలాగులు, సంగీతం, ఎఫెక్ట్స్ వేర్వేరు స్టెమ్స్‌గా (విడి సౌండ్ ట్రాకులుగా) తీసి పెట్టుకోండి. అన్నీ కలిపేసిన ఫైనల్ మిక్స్‌లోంచి రెండు సెకన్లు కోస్తే తాళం తప్పుతుంది. థియేటర్లో కూర్చున్న ఎవరికైనా అక్కడ కోత పడిందని తెలిసిపోతుంది.

సెన్సార్_స్క్రిప్ట్:

పైన చెప్పినదంతా నిజం. పద్ధతి నేను చెప్తాను.

దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో పెట్టాలి. మనకు ప్రాంతీయ కార్యాలయం కవాడిగూడ సీజీఓ టవర్స్‌లో ఉంది. సెన్సార్ స్క్రిప్ట్‌లో ప్రతి డైలాగూ, పాటల సాహిత్యమూ తెర మీద ఉన్నట్టే ఉండాలి. డబ్బింగ్‌లో మార్చిన బూతు స్క్రిప్టులో లేకపోతే అక్కడే ఫైలు ఆగుతుంది. పల్లె కథ అంటున్నారు కాబట్టి జాతరలో మేకో, కోడిపుంజో ఉంటే జంతు సంక్షేమ మండలి పత్రం ముందే తెచ్చుకోండి. సిగరెట్ కనిపిస్తే 30 సెకన్ల ఆరోగ్య ప్రకటనలు మొదట్లో, విరామం తర్వాత వేయాల్సిందే.

ఎగ్జామినింగ్ కమిటీ (సినిమాను మొదట చూసే సెన్సార్ కమిటీ) చూశాక దరఖాస్తుదారుకు తన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది. దాన్ని చాలామంది దండం పెట్టి బతిమాలడానికి వాడతారు. అలా చేయకండి. ఒక్కో వివాదాస్పద షాట్‌కూ టైమ్‌కోడ్, అది కథలో ఎందుకుందో రెండు వాక్యాలు, దానికి బదులుగా మీ దగ్గరున్న ప్రత్యామ్నాయ షాట్, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. సినిమాను మొత్తంగా, అది కలిగించే ప్రభావాన్ని బట్టి తూచాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కోర్టు సీన్లు మీకు బలం, వాటిని ఎత్తి చూపండి.

2023 సవరణతో యూఏ మూడుగా విడిపోయింది: 7+, 13+, 16+. ఇవి తల్లిదండ్రులకు సూచనలే, గేటు దగ్గర ఆపేవి కావు. 'ఎ' అయితే 18 దాటనివాళ్లను థియేటర్లోకి వదలకూడదు, ఆ సర్టిఫికెట్‌తో టీవీలోనూ వేయలేరు. టీవీ కోసం కత్తిరించి విడిగా సర్టిఫికెట్ అడగొచ్చు కానీ ఇస్తారన్న భరోసా లేదు. మలయాళం 'మార్కో'కు 2025లో ఆ మార్పు నిరాకరించారు. శాటిలైట్ వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక కోసేసిన షాట్లను మళ్లీ కలపాలని చూడకండి. అది నేరం.

సెక్షన్_5సి:

నిజ సంఘటన అన్నారు కాబట్టి అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. పేరొక్కటే మారిస్తే చాలదు. ఊరు, కాలేజీ, తండ్రి వృత్తి, తేదీ కలిపి చూస్తే ఆమె ఎవరో తెలిసిపోయేలా ఉండకూడదు. చనిపోయినా ఈ రక్షణ పోదని నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా మార్చండి, సంవత్సరం తీసేయండి, పత్రికా కత్తిరింపుల్లాంటి షాట్లు ఉంటే వాటిలో అక్షరాలు కూడా చదవండి.

కమిటీ నిర్ణయం నచ్చకపోతే సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ ఉంది. ఆపైన అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు కాబట్టి నేరుగా హైకోర్టుకే. గడువు 30 రోజులు. చిన్న సినిమాకు విడుదల తేదీ ప్రకటించి కోర్టుకు వెళ్లడం అంటే వడ్డీలతో ఆడుకోవడమే. సర్టిఫికెట్ వచ్చాకే తేదీ ప్రకటించండి.

కొత్త_నిర్మాణం:

చాలా థాంక్స్ అండి. పాప షాట్లు ఎలా తీయాలి? ఇంకో సంగతి, మా డైరెక్టర్ గారు పోస్టర్ మీద చిరిగిన చీర పెడదామంటున్నారు.

సెక్షన్_5సి:

పాపను ఆ సీను సెట్‌లోకి అసలు రానివ్వొద్దు. వేరే రోజు, ఖాళీ గది, ఎదురుగా ఒక తలుపు. "లోపల కుక్కపిల్లకు దెబ్బ తగిలింది, చూడు" అని చెప్పినా మీకు కావాల్సిన ముఖం వస్తుంది. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. పాప పారితోషికంలో కనీసం 20 శాతం పాప పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

మాటల_రచయిత్రి:

పోస్టర్ గురించి నేను చెప్తాను. పోస్టర్‌కు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండదు. అందుకే జనం కోపం ముందు దాని మీదే పడుతుంది. 2017లో 'అర్జున్ రెడ్డి' ముద్దు పోస్టర్‌ను కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావు గారు హైదరాబాద్‌లో చించేశారు. అందులో ఉన్నది ఇద్దరు ఇష్టపడి పెట్టుకున్న ముద్దు. ఆడదాన్ని జుట్టు పట్టి ఈడ్చే పోస్టర్ల మీద అంత కోపం కనిపించదు, నన్ను బాధపెట్టేది అదే. అయినా చిరిగిన చీర పెట్టకండి. గొడవ అవుతుందని కాదు. కోర్టు బోనులో నిలబడి మాట్లాడే మనిషి గురించి సినిమా తీసి, గోడల మీద ఆమెను మళ్లీ ఆ గదిలోకే నెడుతున్నారు.

సర్టిఫికెట్ విషయంలో పైవాళ్లతో నాకు కొంచెం పేచీ ఉంది. అత్యాచారం సీను మీద ఇంతమంది ఇంత శ్రద్ధ పెట్టారు, మంచిదే. నాలుగు నిమిషాల కొడవలి మీద ఎడిటర్ గారు చెప్పింది సాంకేతికంగా సరే కానీ, ఆ దాడి చేసేది ఎవరు? అన్నో, తండ్రో అయితే గంటన్నర ఆమె కోర్టులో చెప్పిన మాటలకు విలువేం మిగిలింది? ఈలలు పడేది అక్కడే. ఆమె కథ ఆగిపోయేదీ అక్కడే. నాలుగు నిమిషాలు నలభై సెకన్లయితే యూఏ 16+ అవకాశం ఎలాగూ పెరుగుతుంది. మిగిలిన మూడు నిమిషాల ఇరవై సెకన్లు తీర్పు చదివే సీనుకు ఇవ్వండి. అప్పటికీ 'ఎ' ఇస్తే తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. శాటిలైట్ డబ్బు రాకపోతే ఎంత లోటో ఇప్పుడే లెక్క వేసి, డైరెక్టర్ గారి ముందు ఆ అంకె పెట్టి మాట్లాడండి.